బస్తాలు దిగినా బండి దిగలేదు

మా ఇంట్లో అందరికంటే పెద్ద అమ్మ. ఆవిడకి ఎనభై మూడేళ్లు. తర్వాత నేను. నాకంటే నాలుగేళ్లు చిన్నది మా కారు. తమ్ముడూ చెల్లెలూ దాని తర్వాతే పుట్టారు కాబట్టి వయసు లెక్కన ఇంట్లో మూడో స్థానం దానిదే. ఆ గౌరవం దానికి ఇప్పటికీ దక్కుతూనే ఉంది.

అది 1967 మోడల్ అంబాసిడర్, మార్క్ టూ. గుడివాడలో ధాన్యం కమీషన్ వ్యాపారం చేసే నాన్న 1974లో ఒక రైస్‌మిల్లు యజమాని దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. తర్వాత నా బ్యాంకు ఉద్యోగం వల్ల కాపురం బందరుకి మారింది. నాన్న పోయారు. కారు మాత్రం మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, వారానికోసారి స్టార్ట్ చేసి జగన్నాథపురం దాకా తిప్పి తెచ్చుకుంటూ కాపాడుకొస్తున్నాం. చూసినవాళ్లు 'వింటేజ్ కారండీ' అంటారు. లెక్క ప్రకారం వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైన కార్లే. మన దగ్గర మాత్రం పాతబడితే చాలు, ఆ బిరుదు ఇచ్చేస్తారు.

ఈ కారు ఏడాదికి ఒక్కసారి తప్పనిసరిగా దూరం వెళుతుంది. నవంబరు 19న దివిసీమకి. 1977లో ఆ శనివారం ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. కోడూరు దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ, పెదనాన్న, వాళ్లిద్దరు పిల్లలు అందులో ఉన్నారు. పెద్దమ్మ అమ్మకి ఒక్కగానొక్క అక్క. అప్పటినుంచి ఏటా ఆ రోజున అమ్మ అక్కడికి వెళ్లి, వాళ్ల ఇల్లుండే చోట ఒక దీపం పెట్టి వస్తుంది. ఆ ప్రయాణం ఈ కారులోనే. వేరే కారులో రమ్మంటే రాదు. 'మీ నాన్న నన్ను మొదటిసారి ఇందులోనే తీసుకెళ్లారురా' అంటుంది. దానికి ఎవరం ఏం చెప్పగలం?

రెండేళ్ల క్రితం ఆ ప్రయాణం నుంచి వచ్చాక అమ్మ మూడు వారాలు మంచం దిగలేదు. నడుము పట్టేసింది. ఎముకలు బోలుగా మారాయనీ, ఇక కుదుపులు తగలకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మ అన్నీ విని, 'అయితే వచ్చే నవంబరుకి ఏం చేద్దాం?' అంది. వెళ్లడం మానేద్దామన్న ఆలోచన ఆవిడకి రానే లేదు.

అక్కడినుంచి మా ఇంట్లో కారు ముందు సస్పెన్షన్ మీద చర్చలు మొదలయ్యాయి. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. వాడి కొడుకు డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. ప్రతి ఆదివారం రాత్రి వీడియో కాల్. తమ్ముడు అక్కడ ఒక గ్యారేజీ వాళ్లని అడిగొచ్చాడు. ముందు భాగం కోసేసి, ఇప్పటి కారు సస్పెన్షన్‌ని తెచ్చి అతికిస్తారట. చుట్ట స్ప్రింగులు, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్... పైకి అంబాసిడర్, లోపల కొత్త కారు. 'అమ్మ పూలపాన్పు మీద కూర్చున్నట్టు వెళుతుంది' అన్నాడు.

ఆ మాట తేలిగ్గా తీసేయడానికి లేదు. అందుకని అసలు మా కారు ముందు చక్రాలని ఏది మోస్తోందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ ముచ్చటేసింది.

అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. దాన్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేశారు. వెనక చక్రాలకి ఎడ్లబండి వాళ్లకి కూడా తెలిసిన కమాన్ కట్టలే. ముందు మాత్రం కమానూ లేదు, చుట్ట స్ప్రింగూ లేదు. రెండు పొడుగాటి ఉక్కు కడ్డీలు కారు అడుగున, పొడవునా పడుకుని ఉంటాయి. వీటినే టోర్షన్ బార్లంటారు. తడిసిన దుప్పటి ఇద్దరు పట్టుకుని పిండుతారు చూడండి... ఒకరు కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మెలితిప్పుతారు. సరిగ్గా అలాగే. కడ్డీ వెనక చివర బాడీకి బిగించి ఉంటుంది. ముందు చివర చక్రాన్ని మోసే ఇనుప చేతికి తగులుకుని ఉంటుంది. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది, మెలి విప్పుకునే బలంతో చక్రాన్ని మళ్లీ కిందికి తోస్తుంది. అంతే. 1948లో మోరిస్ మైనర్ కారుకి ఈ ఏర్పాటు చేసినవాడు అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీ కారుతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి ఈయనే.

ఈ కడ్డీ లెక్క చాలా సున్నితం. మందం పదో వంతు పెంచితే చాలు, గట్టిదనం ఒకటిన్నర రెట్లకి దగ్గరగా పెరిగిపోతుంది. కుడి పక్కది ఎడమకి మార్చకూడదు. ఇన్నేళ్లూ ఒకవైపే మెలిపడి దానికే అలవాటుపడి ఉంటుంది, రెండోవైపు తిప్పితే విరగొచ్చు. ఇక మెలివిప్పుకున్న కడ్డీ ఊరుకోదు. ఎవరో ఒకరు ఆపకపోతే కారు ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు చంపేది నూనె నింపిన షాక్ అబ్జర్బరు. ఇప్పటి కార్లలో అది గొట్టంలా ఉంటుంది. మా దాంట్లో మాత్రం ఒక చేయి ఉన్న చిన్న ఇనప పెట్టె. ఆ చేయే చక్రాన్ని పైనుంచి పట్టుకునే భాగం కూడా. కాబట్టి అది పీకేసి ఇది పెడదాం అంటే కుదిరే పని కాదు. ఒకటి కదిపితే మొత్తం కదుల్తుంది.

తమ్ముడు ఊరుకుంటాడా? 'మార్చకూడదని ఎక్కడ రాసుంది అన్నయ్యా? మన గుడివాడ పక్కన నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్, పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించుకునే కదా చైతన్యరథం చేసుకున్నారు. అది కదలకుండా షెడ్డులో ఉండుంటే 1983 ఎన్నికలు అలా జరిగేవా?' అన్నాడు. మాట బాగానే ఉంది. అవసరం కోసం బండిని మార్చుకోవడం మనకి కొత్త కాదు.

కానీ రాసే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇక యాభై ఏళ్లు దాటిన వాహనాలకి 2021 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరిస్తారు. ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా తీసుకున్న బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిరగడానికి వాడకూడదు కూడా. అందుకే మేం పాత నంబరే ఉంచుకున్నాం. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. బాడీ, అడుగుభాగం అంతా ఒకటే పెట్టె. ముందు భాగం కోయడమంటే ఆ పెట్టెని కోయడమే.

ఇంకో సంగతి కూడా ఉంది. మా డెల్టా రోడ్లకి గోతులకంటే అలలు ఎక్కువ. కింద నల్లరేగడి. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలువారి కుంగుతుంది. పైన తారు ఎంత నున్నగా పోసినా రెండేళ్లలో రోడ్డు చీర కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. పైగా మైలుకో కాలవ, కాలవకో కల్వర్టు, కల్వర్టుకో మూపురం. నున్నటి హైవేల కోసం చేసిన స్ప్రింగులు ఈ ముడతల మీద ఏం చేస్తాయో ఆ గ్యారేజీ వాళ్లకి తెలుసా అని నా అనుమానం.

చివరికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, పెడన, గుడ్లవల్లేరు మీదుగా కారుని గుడివాడ తీసుకెళ్లాను. నాన్న హయాం నుంచీ కారు చూస్తున్న షెడ్డు అక్కడే. అప్పటి పెద్ద మేస్త్రి లేరు. ఆయన దగ్గర పదమూడేళ్లప్పుడు పానాలు అందించడానికి చేరిన కుర్రాడే ఇప్పటి మేస్త్రి. ఆయనకీ అరవై దాటాయి.

మేస్త్రి బానెట్ ఎత్తలేదు. ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కి వదిలాడు. తర్వాత అదే చోట పట్టుకుని పైకి ఎత్తబోయాడు. కారు అంగుళం కూడా లేవలేదు, లోపల ఎక్కడో ఠక్కుమంది. ఇంకోసారి ఎత్తాడు. మళ్లీ ఠక్.

'బాబుగారూ, స్ప్రింగు మెత్తనా గట్టా అని మీరు ఆలోచిస్తున్నారు. ఇక్కడ చక్రం కిందికి దిగడానికే చోటు లేదండి' అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నేల మీద బొగ్గుతో గీసి చూపించాడు. చక్రం గతుకెక్కినప్పుడు పైకి పోవడానికి చోటు కావాలని అందరికీ తెలుసు. రోడ్డు ఒక్కసారి పల్లమైనప్పుడు చక్రం దాన్ని అంటిపెట్టుకుని కిందికి దిగాలి కదా, దానికీ అంతే చోటు కావాలి. ఖాళీ కారు నిలబడినప్పుడు ఆ చేయి మధ్యలో ఉండాలి. మా కారులో అది ముందే కిందికి చాపుకుని, చివరి రబ్బరుకి ఆనుకుని ఉంది. అంటే కారు మునివేళ్ల మీద నిలబడినట్టుంది. ప్రతి కల్వర్టు మూపురం దిగేటప్పుడూ ఆ చేయి చివరంటా చాచుకుని కొట్టుకుంటోంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మ నడుముకి తగిలే దెబ్బ అదే.

'ఇలా ఎందుకైంది?' అన్నాడు తమ్ముడు.

మేస్త్రి జాకీ ఎక్కించి, కింద దూరి, టార్చిలైటు వేసి మమ్మల్ని కూడా చూడమన్నాడు. టోర్షన్ బారు వెనక చివర పళ్లుంటాయి. వాటి మీద బిగించే లివరు పక్కన ఉలితో కొట్టిన చిన్న గాటు ఉంది. ఇప్పుడు ఆ లివరు గాటు దగ్గర లేదు, దాని నుంచి పైకి జరిగి ఉంది. కంపెనీ నుంచి వచ్చిన ఎత్తు గాటు దగ్గరుండేదట. తర్వాత ఎవరో కావాలని పైకి జరిపారు. వెనక కమాన్ కట్టల్లో కూడా ఒక్కో పట్టీ ఎక్కువుంది.

'ఈ గాటు మా గురువుగారిదండి. జరిపే ముందు పాత చోటుకి గుర్తు పెట్టుకోవడం ఆయన అలవాటు. ఈ పని జరిగినప్పుడు లాంతరు పట్టుకున్నది నేనే. ఉప్పెన వచ్చిన వారం. నాన్నగారు బియ్యం బస్తాలు వేసుకుని దివిసీమ వెళ్లాలన్నారు. వెనక సీటు తీసేశాం. రాత్రికి రాత్రి ముందు ఎత్తాం, వెనక పట్టీలు వేశాం' అన్నాడు మేస్త్రి.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నాన్న రోజుల తరబడి ఇంటికి రాకపోవడం గుర్తుంది. వచ్చినప్పుడు కారు నిండా బురద ఉండటం గుర్తుంది. పులిగడ్డ దాటాక రోడ్డు ఎంతదాకా ఉంటే అంతదాకా కారులో వెళ్లి, అక్కడినుంచి బస్తాలు తలమీద మోయించేవారని తర్వాత విన్నాను. ఆ తిరుగుళ్లలో ఒకనాడే నాన్నకి పెద్దమ్మ వాళ్ల సంగతి తెలిసింది. కారు ఎత్తించిన సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకోదగ్గ విషయమని అనుకుని ఉండరు.

బస్తాలున్నన్నాళ్లూ ఆ ఎత్తు సరిపోయింది. బరువుకి కారు దిగి చేయి మధ్యలోకి వచ్చేది. బస్తాలు దిగాయి గానీ బండిని ఎవరూ దించలేదు. ఆ తర్వాత షాక్ అబ్జర్బర్లలో నూనె కారిపోయింది, రబ్బరు బుష్‌లు రాయిలా గట్టిపడ్డాయి. ఏడాదికి కాస్త చొప్పున కుదుపు పెరుగుతూ వచ్చింది.

'మళ్లీ గాటు దగ్గరికి దించేయమంటారా?' అని అడిగాడు మేస్త్రి.

కారంతా కోసేద్దామన్న తమ్ముడు నోరు మెదపలేదు. నాకూ మాట రాలేదు. నాన్న చేయించిన పనుల్లో చేత్తో తాకి చూడగలిగింది మాకు అదొక్కటే మిగిలింది. దాన్ని ఒక పానాతో చెరిపేయమని చెప్పడం ఎలా? అమ్మకి ఫోన్ చేశాం. మేస్త్రే మాట్లాడాడు. అంతా విని అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాతో అంది...

'ఒరే పెద్దోడా, ఆ బియ్యం దించి యాభై ఏళ్లు కావస్తోంది కదరా. పాపం అది ఇంకా మోస్తూనే ఉందా? దించెయ్యమను.'

పని నాలుగు రోజులు పట్టింది. కడ్డీల మెలి విప్పడమంటే ఆషామాషీ కాదు. లివరు చేజారితే ఎముకలు విరుగుతాయి. మేస్త్రి కుర్రాళ్లని దూరంగా నిలబెట్టి తనే చేశాడు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే అని సుద్దముక్కతో రాసుకున్నాడు. వెనక అదనపు పట్టీలు తీసేశాడు. షాక్ అబ్జర్బర్ల సీళ్లు మార్చి కొత్త నూనె పోశాడు. ముందువాటిలో మాత్రం కంపెనీ చెప్పినదానికంటే కాస్త చిక్కటి నూనె. 'మన రోడ్ల ఊపుకి ఇది ఉండాలండి. మరీ చిక్కనైతే మళ్లీ కుదుపే' అన్నాడు. మేం చేయించిన మార్పంటూ ఉంటే అదొక్కటే. ఇష్టం లేకపోతే రేపే తీసి పారబోయొచ్చు.

కింగ్‌పిన్ బుష్‌లు అరిగిపోయాయి. బజారులో దొరికినవి వదులుగా ఉన్నాయి. వాటిని బందరులో లేత్ మీద గన్‌మెటల్‌తో తీయించాను. ఈ పనికి మా ఊరు పెట్టింది పేరు. 1926లో ఇక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ సైన్సు పరికరాలు తయారుచేసేది, 1983లో బీఈఎల్‌లో కలిసింది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల అచ్చులు కూడా ఇక్కడివే. వెంట్రుకవాసి తేడాని వేలితో పసిగట్టే చేతులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఆ బుష్‌లు తీసిన పెద్దాయన కొలతల కాగితం పక్కన పెట్టి, పాత పిన్ను తెమ్మని, దాన్నే బుష్‌లో తిప్పి చూసి ఇచ్చాడు.

అంతా అయ్యాక కారు ముందు భాగం అంగుళమున్నర దిగింది. మేస్త్రి మళ్లీ మడ్‌గార్డు పట్టుకుని ఎత్తాడు. ఈసారి ఠక్కుమనలేదు. నిద్రలో ఉన్న మనిషి ఊపిరి తీసినట్టు మెల్లగా లేచి మెల్లగా దిగింది.

డెట్రాయిట్ అబ్బాయికి తమ్ముడు వీడియో తీసి పంపాడు. వాడు మొదట కడ్డీ పొడవు, మందం కొలిచి పంపమని గంట లెక్కలు వేశాడు. చివరికి, 'పెదనాన్నా, మీ మేస్త్రి చెప్పింది కరెక్టే. మా ఆఫీసులో చూపిస్తాను, ఆయన బొగ్గుతో గీసిన బొమ్మ ఫొటో ఉందా?' అని అడిగాడు. ఆ బొమ్మ అప్పటికే చీపురుకి పోయింది.

నవంబరు 19 తెల్లవారుజామున బయల్దేరాం. చల్లపల్లి దాకా అమ్మ నిటారుగా కూర్చుని, సీటు అంచు గట్టిగా పట్టుకుని ఉంది. ప్రతి కల్వర్టు ముందూ అలా బిగుసుకోవడం ఆవిడకి ఏళ్ల అలవాటు. మోపిదేవి వచ్చేసరికి చేయి సీటు మీంచి ఒళ్లోకి వచ్చింది. పులిగడ్డ దాటి, అవనిగడ్డ మొదట్లో ఉప్పెన స్మారకం దగ్గర కారాపి వెనక్కి చూస్తే తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. లేపాలో వద్దో తెలియక ఇద్దరం ఇంజన్ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాం.

అదనపు పట్టీలు రెండూ మేస్త్రి గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు. అవి మా షెడ్డులో అటక మీద ఉన్నాయి. లివరు దగ్గర గురువుగారి గాటు పక్కన, నాన్న ఎత్తించిన చోట, మేస్త్రి తను కూడా ఉలితో ఒక గాటు పెట్టాడు. మళ్లీ ఎప్పుడైనా ఎవరికైనా బస్తాలు వేసుకుని బయల్దేరాల్సి వస్తే ఎక్కడిదాకా ఎత్తాలో వెతుక్కోనక్కర్లేదు. అలాంటి అవసరం రాకూడదని అమ్మ దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటుంది. వస్తే మాత్రం బండి తయారుగా ఉంది.